ఇంటిపేరు కస్తూరి, ఇంట్లో గబ్బిలాలు: తొలి బైట్లు చూసి వీడియో ఫార్మాట్ పట్టుకోవడం

మా అక్క పెళ్లి 2001లో అయింది. ఆ వీడియో మొదట వీహెచ్‌ఎస్ క్యాసెట్‌గా ఇంటికొచ్చింది. కొన్నాళ్లకు రెండు వీసీడీలైంది. తర్వాత ఎవరో పుణ్యాత్ముడు వాటిని హార్డ్ డిస్కులోకి ఎక్కించాడు. నిరుడు ఆ డిస్కు మొరాయించింది. రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి లాగితే నాలుగు వందల పైచిలుకు ఫైళ్లు బయటపడ్డాయి. సగానికి ఎక్స్‌టెన్షనే లేదు. మిగతా సగానికి ఉన్నా నమ్మేలా లేదు. ఎంపీ4 అని ఉన్న ఫైలు ఏ ప్లేయర్‌లోనూ తెరుచుకోదు, జేపెగ్ అని ఉన్నదేమో 600 ఎంబీ తూగుతోంది. 600 ఎంబీ ఫొటో ఎవరింట్లో ఉంటుంది?

ఎక్స్‌టెన్షన్ అంటే డబ్బా మీద అంటించిన చీటీ, అంతే. పసుపు డబ్బాలో కారం పోసినా చీటీ మారదు. లోపల ఏముందో తెలియాలంటే మూత తీయాలి. చాలా వీడియో ఫైళ్లు తమ తొలి బైట్లలోనే తామెవరో చెప్పేస్తాయి. దీన్నే సిగ్నేచర్ అంటారు, పాతవాళ్లు మ్యాజిక్ నంబర్ అంటారు. యూనిక్స్‌లో 'ఫైల్' అనే కమాండ్ కనీసం 1973 నుంచి ఈ పని చేస్తోంది. మరి ఆ కమాండ్ ఉండగా మనం చేత్తో చూడటం ఎందుకు? దెబ్బతిన్న ఫైలు దగ్గర అది "డేటా" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటుంది కాబట్టి.

ముందే ఒక మాట. తొలి నాలుగు బైట్లు చూసి తీర్పు చెప్పేయకండి. ప్రతి ఫార్మాట్‌కూ ఇద్దరు సాక్షులు కావాలి: మొదట్లో ఉండే గుర్తు ఒకటి, ఇంకాస్త లోపల దాన్ని బలపరిచే గుర్తు మరొకటి. ఈ రెండో సాక్షిని పిలవని రోజున నేనెలా తప్పులో కాలేశానో దారిలో చెబుతాను.

అడుగు 1: కాపీ, తర్వాతే కత్తి

అసలు ఫైలును ముట్టుకోవద్దు. కాపీ చేసి, ఆ కాపీనే తెరవండి. హెక్స్ ఎడిటర్‌లో (ఫైలులోని బైట్లను నేరుగా చూపే సాఫ్ట్‌వేర్) వేలు జారి ఒక్క మీట నొక్కినా బైటు మారిపోతుంది, సేవ్ చేశారంటే అంతే సంగతులు. ఫైలు సీసీటీవీ నుంచి వచ్చి, రేపు పోలీసు స్టేషన్‌కో కోర్టుకో వెళ్లేదైతే ఇది ఇంకా ముఖ్యం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో ఫైలు హాష్ విలువ (లోపలి బైట్లన్నిటి నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి సంఖ్య) రాయాలి. ఫైలు పేరు మార్చినంత మాత్రాన హాష్ మారదు. లోపల ఒక్క బైటు మారితే మాత్రం మొత్తం మారిపోతుంది.

విండోస్ మామూలుగా ఎక్స్‌టెన్షన్లను దాచిపెడుతుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో 'వ్యూ'లోకి వెళ్లి 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' టిక్ చేయండి. ఇది చేయనివాళ్లే 'పెళ్లి డాట్ ఎంపీ4 డాట్ ఈఎక్స్‌ఈ' అన్న పేరు చూసి, చివరి ముక్క కనిపించక, వీడియో అనుకుని నొక్కేస్తారు.

ఇక పనిముట్టు. విండోస్‌లో హెచ్‌ఎక్స్‌డీ అనే ఉచిత ఎడిటర్ చాలు. ఎంత పెద్ద ఫైలైనా ఇట్టే తెరుస్తుంది. లినక్స్, మ్యాక్ వాడేవాళ్లకు టెర్మినల్‌లో 'హెక్స్‌డంప్', 'ఎక్స్‌ఎక్స్‌డీ' కమాండ్లున్నాయి. తొలి 64 బైట్లు మాత్రమే చూపమని అడగండి, లేకపోతే తెర నిండా జలపాతమే.

అడుగు 2: తెర మీద ఏముందో చదవడం

హెక్స్ ఎడిటర్‌లో మూడు భాగాలు కనిపిస్తాయి. ఎడమ పక్కన స్థానం, అంటే ఆఫ్‌సెట్. మధ్యలో బైట్లు, వరసకు 16. కుడి పక్కన ఆ బైట్లు అక్షరాలైతే ఎలా ఉంటాయో అది. ఒక్కో బైటును రెండు హెక్స్ అంకెలతో, అంటే పదహారు అంకెల లెక్కలో రాస్తారు. 0 నుంచి 9 దాకా మామూలు అంకెలే, 10 నుంచి 15 దాకా ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్. తెర మీద ఇవి ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో ఉంటాయి, నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను. '6డీ' అని రాస్తే ఆరు పక్కన డీ అన్నమాట.

లెక్క సున్నా నుంచి మొదలవుతుందని మర్చిపోకండి. మొట్టమొదటి బైటు స్థానం 0. "ఎనిమిదో స్థానం" అంటే తొమ్మిదో బైటు. పైగా ఎడమ పక్క స్థానాలు కూడా హెక్స్‌లోనే ఉంటాయి. అక్కడ 10 అని ఉంటే అది పదహారు.

అడుగు 3: ఎంపీ4 కుటుంబం

ఈరోజుల్లో ఫోన్‌లో తీసిన, వాట్సాప్‌లో వచ్చిన వీడియోల్లో ఎక్కువ భాగం ఈ కుటుంబానివే. అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చుందాం.

ఎంపీ4 గుర్తు మొదటి బైటులో ఉండదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. మొదటి నాలుగు బైట్లు కొలత, తర్వాతి నాలుగు పేరు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత వీడియో సాఫ్ట్‌వేర్‌తో తయారైన ఒక మామూలు ఎంపీ4 తొలి రెండు వరసలు ఇలా ఉంటాయి:

00 00 00 20 66 74 79 70 69 73 6ఎఫ్ 6డీ 00 00 02 00
69 73 6ఎఫ్ 6డీ 69 73 6ఎఫ్ 32 61 76 63 31 6డీ 70 34 31

విడదీసి చూద్దాం. 00 00 00 20 అంటే హెక్స్‌లో 20, మన లెక్కలో 32. ఈ మొదటి పెట్టె 32 బైట్లదని అర్థం. 66 74 79 70 అంటే ఎఫ్, టీ, వై, పీ అనే నాలుగు అక్షరాలు, 'ఫైల్ టైప్'కు పొట్టిపేరు. ఇది మొదటి సాక్షి. తర్వాతి నాలుగు, 69 73 6ఎఫ్ 6డీ, 'ఐసోమ్'. దీన్ని ప్రధాన బ్రాండ్ అంటారు. ఇది రెండో సాక్షి, అసలు కథ చెప్పేది ఇదే. ఆ పైన 00 00 02 00 అనేది వెర్షన్, దాన్ని వదిలేయండి. మిగిలినవి "నేను వీటికి కూడా సరిపోతాను" అని ఫైలు చెప్పుకునే బ్రాండ్లు: ఐసోమ్, ఐఎస్ఓ2, ఏవీసీ1, ఎంపీ41.

కొలత బైటు ప్రతి ఫైలుకూ 20 ఉండాలని లేదు. 14, 18, 1సీ కూడా తరచు కనిపిస్తాయి. కాబట్టి "00 00 00 20తో మొదలైతేనే ఎంపీ4" అని ఎక్కడైనా చదివితే నమ్మకండి. చూడాల్సింది నాలుగో స్థానం నుంచి 66 74 79 70 ఉందా లేదా అన్నది.

ఇక బ్రాండు. 'ఐసోమ్', 'ఎంపీ42' (6డీ 70 34 32) అయితే మామూలు ఎంపీ4. 'క్యూటీ' అనీ దాని పక్కన రెండు ఖాళీలూ (71 74 20 20) ఉంటే ఆపిల్ క్విక్‌టైమ్, అంటే ఎంఓవీ. ఐఫోన్ వీడియోలు ఎక్కువగా ఇవే. '3జీపీ'తో (33 67 70) మొదలైతే పాత కీప్యాడ్ ఫోన్ల కాలం నాటి 3జీపీ. ఇంతవరకు బాగానే ఉంది. అదే చోట 'హెచ్ఈఐసీ' (68 65 69 63) ఉంటే అది వీడియో కాదు, ఐఫోన్ ఫొటో. 'ఎం4ఏ' (4డీ 34 41) ఉంటే పాట. నేను తప్పులో కాలేసింది ఇక్కడే. నాలుగో స్థానంలో ఎఫ్‌టీవైపీ చూసిన ఉత్సాహంలో ముప్పై ఫైళ్లకు ఎంపీ4 అని పేరు పెట్టేశాను. అందులో పదకొండు మా బావ ఫోన్‌లోని ఫొటోలు.

క్విక్‌టైమ్ 1991 నాటిది, ఎఫ్‌టీవైపీ పెట్టె ఆ తర్వాత వచ్చి చేరింది. అందువల్ల బాగా పాత ఎంఓవీ ఫైళ్లలో అది ఉండదు. వాటిలో నాలుగో స్థానంలో నేరుగా 'మూవ్' (6డీ 6ఎఫ్ 6ఎఫ్ 76), 'ఎండాట్' (6డీ 64 61 74), 'వైడ్' (77 69 64 65), 'ఫ్రీ' (66 72 65 65) లాంటి పేరు కనిపిస్తుంది. ఇవి కూడా ఈ కుటుంబమే.

అడుగు 4: ఎంపీ4 అనే తేలింది, అయినా ఆడటం లేదు

ఇది చాలామందికి ఎదురయ్యే కష్టం. ఫంక్షన్‌లో రికార్డింగ్ జరుగుతుండగా ఫోన్ చార్జింగ్ అయిపోయింది. 2 జీబీ ఫైలు ఉంది, సిగ్నేచర్ కూడా సరిగానే ఉంది, ప్లేయర్ మాత్రం కుదరదంటుంది.

ఎంపీ4 అంటే వరసగా పేర్చిన పెట్టెలు. ఒక్కో పెట్టె మొదట నాలుగు బైట్ల కొలత, నాలుగు బైట్ల పేరు. కొలత తెలిస్తే తర్వాతి పెట్టె దగ్గరికి గెంతొచ్చు. పై ఉదాహరణలో మొదటిది 32 బైట్లు, కాబట్టి 32వ స్థానానికి (తెర మీద 20కి) వెళ్లండి. అక్కడ సాధారణంగా 00 00 00 08 66 72 65 65 ఉంటుంది, అంటే 8 బైట్ల 'ఫ్రీ' పెట్టె. ఇంకో 8 ముందుకెళ్తే 'ఎండాట్'. బొమ్మా శబ్దమూ ఉండేది అందులోనే. కొలత స్థానంలో 00 00 00 01 ఉంటే అసలు కొలత పేరు తర్వాత ఎనిమిది బైట్లలో ఉందని అర్థం, 4 జీబీ దాటే పెట్టెల కోసం పెట్టిన ఏర్పాటది. కొలత సున్నా అయితే ఆ పెట్టె ఫైలు చివరిదాకా ఉందని.

'మూవ్' అనేది ఆ సరుకుకు విషయసూచిక. ఏ ఫ్రేము ఎక్కడుంది, ఏ కోడెక్ (బొమ్మనూ శబ్దాన్నీ కుదించే పద్ధతి), ఎంత వెడల్పు, ఎంత ఎత్తు, అన్నీ అందులోనే. చాలా ఫోన్లు దీన్ని రికార్డింగ్ ఆపాకే రాస్తాయి. మధ్యలో ఫోన్ ఆగిపోతే సరుకంతా ఉంటుంది, సూచిక ఉండదు. హెక్స్ ఎడిటర్‌లో 6డీ 6ఎఫ్ 6ఎఫ్ 76 కోసం ఫైలంతా వెతకండి. దొరికితే దాని ముందు నాలుగు బైట్లు నమ్మదగిన కొలతలా ఉన్నాయో లేదో చూడండి, యాదృచ్ఛికంగా ఆ నాలుగు బైట్లు సరుకు మధ్యలోనూ తగలొచ్చు. అసలు దొరక్కపోతే మూవ్ లేదన్నమాటే. అప్పుడు 'అన్‌ట్రంక్' అనే ఓపెన్ సోర్స్ పనిముట్టు ఉంది. అదే ఫోన్‌తో, అదే సెట్టింగుల్లో తీసిన ఇంకో మంచి వీడియో దానికి నమూనాగా ఇస్తే సూచికను తిరిగి కట్టడానికి ప్రయత్నిస్తుంది. ప్రతిసారీ ఫలించదు, కానీ ఫైలు పారేసే ముందు ఒక్కసారైనా చేసి చూడాల్సిన పని.

సగం డౌన్‌లోడ్ అయిన వీడియోల్లో కొన్ని సగం దాకా ఆడి ఆగుతాయి, కొన్ని అసలు మొదలే కావు. తేడా అంతా మూవ్ ముందుందా వెనకుందా అన్నదే.

అడుగు 5: 'రిఫ్'తో మొదలయ్యేవి

52 49 46 46. కుడి పక్కన ఆర్, ఐ, ఎఫ్, ఎఫ్. చూడగానే ఏవీఐ అనేస్తారు. ఆగండి. రిఫ్ అనేది 1991లో మైక్రోసాఫ్ట్, ఐబీఎం కలిసి తెచ్చిన సంచి. దాన్లో ఏవీఐ వీడియో ఉండొచ్చు, వేవ్ ఆడియో ఉండొచ్చు, వెబ్‌పీ బొమ్మ ఉండొచ్చు. రెండో సాక్షి ఎనిమిదో స్థానంలో ఉంటాడు:

41 56 49 20 అయితే ఏవీఐ.
57 41 56 45 అయితే వేవ్, ఉత్త శబ్దం.
57 45 42 50 అయితే వెబ్‌పీ, బొమ్మ.
43 44 58 41 అయితే 'సీడీఎక్స్ఏ', అంటే వీసీడీ నుంచి విండోస్‌లో కాపీ చేసిన డీఏటీ ఫైలు.

మధ్యలో 4 నుంచి 7 దాకా ఉన్న నాలుగు బైట్లు కొలత. ఎంపీ4లో పెద్ద విలువ బైటు ముందుంటే ఇక్కడ చిన్న విలువ బైటు ముందుంటుంది. ఇంటెల్ ప్రాసెసర్ల పద్ధతి ఇది. ఆపిల్ ఆనాడు వాడిన మోటరోలా ప్రాసెసర్లది దానికి తలకిందులు. ముప్పై ఏళ్ల నాటి ఆ తేడా ఇప్పటికీ మన ఫైళ్లలో బతికే ఉంది. కాబట్టి రిఫ్ కొలతను కుడి నుంచి ఎడమకు చదవాలి. చిన్న ఏవీఐల్లో ఈ కొలతకు 8 కలిపితే ఫైలు సైజు రావాలి. ఫైలు అంతకన్నా చిన్నదైతే తోక తెగినట్టే. పెద్ద ఏవీఐల్లో ఒకటికి మించి రిఫ్ ముక్కలుంటాయి కనుక ఈ లెక్క వాటికి కుదరదు.

ఏవీఐకి ఇంకో సదుపాయం ఉంది. మామూలుగా కట్టిన ఫైలైతే 108వ స్థానంలో 'విడ్స్' (76 69 64 73), 112వ స్థానంలో కోడెక్ పేరు ఉంటాయి. హెక్స్ ఎడిటర్‌లో 112 అంటే 70, అంటే ఎడమ పక్క 70 అని ఉన్న వరసలో మొదటి నాలుగు బైట్లే. అక్కడ 'ఎక్స్‌విడ్', 'డివ్‌ఎక్స్', 'ఎంజేపీజీ' అని అక్షరాల్లోనే చదువుకోవచ్చు.

అడుగు 6: వీసీడీ, డీవీడీ, పెళ్లి క్యాసెట్లు

1995 నుంచి 2010 మధ్య పెళ్లి చేసుకున్నవాళ్ల ఇళ్లలో ఈ ఫైళ్లు తప్పకుండా ఉంటాయి. వీసీడీలో 'ఎంపెగ్ఏవీ' అనే ఫోల్డర్, దాంట్లో 'ఏవీసెక్01 డాట్ డీఏటీ'. డీవీడీలో 'వీడియో టీఎస్' ఫోల్డర్, దాంట్లో వీఓబీ ఫైళ్లు.

రెండింటి లోపలా ఉన్నది ఎంపెగ్ ప్రోగ్రామ్ స్ట్రీమే. దాని గుర్తు 00 00 01 బీఏ. తర్వాతి బైటు, అంటే నాలుగో స్థానంలోది, తరం చెబుతుంది. అందులో మొదటి అంకె 2 అయితే ఎంపెగ్-1, వీసీడీ కాలం నాటిది. 4 నుంచి 7 లోపైతే ఎంపెగ్-2. డీవీడీ వీఓబీల్లో ఎక్కువగా 44 కనిపిస్తుంది. ఉత్త వీడియో స్ట్రీమ్ అయితే బీఏకి బదులు 00 00 01 బీ3 ఉంటుంది.

వీసీడీ డీఏటీకి మాత్రం పైన ఒక తొడుగు ఉంటుంది. మొదట 44 బైట్ల రిఫ్ తల. ఆ తర్వాత డిస్కు సెక్టార్లు యథాతథంగా, ఒక్కోటి 2352 బైట్లు. ప్రతి సెక్టార్ మొదట 00, పది ఎఫ్ఎఫ్‌లు, మళ్లీ 00. చూడగానే కంటికి తగిలే నమూనా. ఆ 12 బైట్ల తర్వాత ఇంకో 12 దాటితే, అంటే 68వ స్థానంలో, సాధారణంగా 00 00 01 బీఏ. ఈ తొడుగు వల్లే కొన్ని ప్లేయర్లు డీఏటీని తెరవవు. వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్ ఫైలు పేరు కన్నా లోపలి సరుకునే చూస్తుంది కాబట్టి తొడుగు ఉన్నా తెరుస్తుంది.

మినీ డీవీ క్యాసెట్ నుంచి ఫైర్‌వైర్ తీగతో దింపిన ముడి ఫైలైతే 1ఎఫ్ 07 00తో మొదలవుతుంది. నాలుగో బైటు బీఎఫ్ అయితే పాల్ అనే టీవీ పద్ధతి, 3ఎఫ్ అయితే ఎన్‌టీఎస్‌సీ. మన దగ్గర తీసినవి పాల్. అమెరికాలో మనవాళ్లు తీసి పంపినవి ఎన్‌టీఎస్‌సీ అయి ఉండొచ్చు. ఇవి గంటకు దాదాపు 13 జీబీ తింటాయి. అంత పెద్ద అనామక ఫైలు దొరికితే ముందు ఇదే అనుమానించండి.

అడుగు 7: ఎంకేవీ, వెబ్‌ఎం

1ఏ 45 డీఎఫ్ ఏ3. ఇది ఈబీఎంఎల్ గుర్తు. 2002 డిసెంబరులో మొదలైన మత్రోస్కా (ఎంకేవీ), 2010లో గూగుల్ తెచ్చిన వెబ్‌ఎం రెండూ దీంతోనే మొదలవుతాయి. మత్రోస్కా పేరు ఒకదాంట్లో ఒకటి ఇమిడే రష్యన్ బొమ్మల మీంచి వచ్చింది; ఫైలు కట్టుబడి కూడా అలాగే ఉంటుంది.

రెండో సాక్షి కోసం తొలి 64 బైట్లలో 42 82 వెతకండి. దాని తర్వాతి బైటు పొడవు, ఆ తర్వాత పేరు. 88 అని ఉంటే ముందున్న 8ని వదిలేయగా 8, అంటే ఎనిమిది అక్షరాలు: మత్రోస్కా. 84 అయితే నాలుగు అక్షరాలు: వెబ్‌ఎం, 77 65 62 6డీ. ఉత్త ఆడియో ఉండే ఎంకేఏ ఫైలు కూడా మత్రోస్కా అనే చెప్పుకుంటుందని గుర్తుంచుకోండి.

అడుగు 8: 47, ఒంటరిగా ఉంటే నమ్మకండి

సెట్‌టాప్ బాక్సుకు పెన్‌డ్రైవ్ గుచ్చి రికార్డ్ చేసినవి, ఇంటర్నెట్ స్ట్రీమింగ్ ముక్కలు ఎక్కువగా ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ ఫైళ్లు. వీటికి పెద్ద సిగ్నేచరంటూ లేదు. 188 బైట్ల పొట్లాలు, ప్రతి పొట్లం మొదట 47. అంతే.

47 అంటే అక్షరాల్లో జీ. జిఫ్ బొమ్మ కూడా 47తోనే మొదలవుతుంది (47 49 46 38). జీ అక్షరంతో మొదలయ్యే ఏ నోట్‌ప్యాడ్ ఫైలైనా అంతే. అందుకని ఇక్కడ ఇద్దరు కాదు, నలుగురు సాక్షుల్ని పిలవండి: 0, 188, 376, 564 స్థానాలు. తెర మీద అవి 0, బీసీ, 178, 234. నాలుగు చోట్లా 47 ఉంటే సందేహం అక్కర్లేదు. రికార్డింగ్ పొట్లం మధ్యలో మొదలై ఉండొచ్చు కనుక 0లో 47 లేకపోయినా నిరాశ పడొద్దు. మొదటి 188 బైట్లలో ఎక్కడ 47 తగిలినా అక్కణ్నుంచి 188 చొప్పున గెంతి చూడండి.

బ్లూరే, కొన్ని సోనీ, పానసోనిక్ హ్యాండీక్యామ్‌ల ఫైళ్లలో ప్రతి పొట్లానికి ముందు నాలుగు బైట్ల సమయముద్ర ఉంటుంది. అప్పుడు పొట్లం 192 బైట్లు, 47 వచ్చేది 4, 196, 388 స్థానాల్లో.

అడుగు 9: మిగతావి గబగబా

46 4సీ 56 01 అంటే ఎఫ్ఎల్‌వీ. ఐదో బైటు 05 అయితే బొమ్మా శబ్దమూ, 01 అయితే బొమ్మే. ఫ్లాష్‌కు 2020 డిసెంబరు 31తో అడోబ్ మంగళం పాడింది కానీ పాత డౌన్‌లోడ్లలో ఇవింకా తగులుతాయి. 30 26 బీ2 75 8ఈ 66 సీఎఫ్ 11తో మొదలైతే ఏఎస్ఎఫ్, అంటే విండోస్ వారి డబ్ల్యూఎంవీ లేదా డబ్ల్యూఎంఏ. 4ఎఫ్ 67 67 53 అయితే ఓగ్, లోపల థియోరా అన్న పేరు ఉంటే వీడియో. 2ఈ 52 4డీ 46 అయితే రియల్ మీడియా. 06 0ఈ 2బీ 34 అయితే ఎంఎక్స్ఎఫ్, టీవీ చానెళ్ల కెమెరాలది. 00 00 00 01 67 అయితే ఏ పెట్టే లేని ముడి హెచ్.264, 67కు బదులు 40 01 ఉంటే హెచ్.265.

సీసీటీవీ ఫైళ్ల లోకం వేరు. 49 4డీ 4బీ 48 (ఐఎంకేహెచ్) హిక్‌విజన్ వారిది, పేరు చివర ఎంపీ4 అని ఉన్నా సరే. 44 48 41 56 (డీహెచ్ఏవీ) దహువా వారిది. వీటికి ఆయా కంపెనీల ప్లేయర్లే మేలు.

అడుగు 10: అసలు వీడియోయే కాదని తేలితే

50 4బీ 03 04 అంటే జిప్, తొలి రెండు బైట్లు అక్షరాల్లో పీ, కే. ఆండ్రాయిడ్‌లో యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఏపీకే ఫైలు కూడా లోపల జిప్పే. పెళ్లి శుభలేఖ, పెళ్లి వీడియో అంటూ వాట్సాప్‌లో ఏపీకే పంపి ఖాతాలు ఊడ్చే మోసం మన ఊళ్లలోనూ నడిచింది. వీడియో అని వచ్చిన ఫైలు పీకేతో మొదలైతే ఫోన్‌లో నొక్కకండి. ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి. 4డీ 5ఏ అంటే విండోస్ ప్రోగ్రామ్. వీడియో అనే పేరుతో అది వస్తే తొలగించడమే.

3సీతో మొదలై కుడి పక్కన హెచ్‌టీఎంఎల్ అనో డాక్‌టైప్ అనో కనిపిస్తే మీరు డౌన్‌లోడ్ చేసింది వీడియో కాదు, "లింకు గడువు తీరింది" అని చెప్పే పేజీ. 23 45 58 54 4డీ 33 55 అయితే స్ట్రీమింగ్ జాబితా, కొన్ని కేబీల అక్షరాల ఫైలు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడొచ్చు.

అన్నీ సున్నాలే ఉంటే డౌన్‌లోడ్ సాఫ్ట్‌వేర్ ముందే చోటు పట్టుకుని ఆ తర్వాత నింపలేకపోయిందనో, రికవరీలో ఆ భాగం పోయిందనో అర్థం. ఎక్కడా ఏ నమూనా లేకుండా అడ్డదిడ్డంగా ఉంటే ఎన్‌క్రిప్ట్ అయిన ఫైలు కావచ్చు. యాప్‌లలో ఆఫ్‌లైన్‌లో దాచుకున్న వీడియోలు తరచు ఇలాగే ఉంటాయి. వాటికి పేరు మార్చి ప్రయోజనం లేదు.

అడుగు 11: పేరు పెట్టడం, సరిచూసుకోవడం

సాక్షులిద్దరూ కలిశాక కాపీకి సరైన ఎక్స్‌టెన్షన్ పెట్టి, మీడియాఇన్‌ఫోలోనో ఎఫ్‌ఎఫ్‌ప్రోబ్‌తోనో చూడండి. అవి కోడెక్, నిడివి, కొలతలు చెబుతాయి. సిగ్నేచర్ చెప్పేది పెట్టె సంగతే, లోపలి కోడెక్ సంగతి కాదు. ఎంపీ4 అని తేలినా టీవీలో ఆడకపోతే అనుమానం కోడెక్ మీదికి మళ్లాలి: హెచ్.264 అయితే దాదాపు ఎక్కడైనా ఆడుతుంది, హెచ్.265, ఏవీ1 పాత టీవీలకు మింగుడుపడవు. పెట్టె మాత్రమే మార్చాలనుకుంటే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో 'కాపీ' పద్ధతి వాడండి. బొమ్మను తిరిగి కుదించదు కాబట్టి నాణ్యత పోదు, నిమిషాల్లో అయిపోతుంది.

మా అక్క పెళ్లి సంగతి. జేపెగ్ అని ఉన్న ఆ 600 ఎంబీ ఫైలు తెరిస్తే 52 49 46 46, ఎనిమిదో స్థానంలో 43 44 58 41. మొదటి వీసీడీ. డీఏటీ అని పేరు పెట్టగానే వీఎల్‌సీలో సన్నాయి మోగింది. రెండో వీసీడీ, అంటే జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా, ఎక్కడా దొరకలేదు. చివరికి సైజు దగ్గరగా ఉన్న ఒక ఫైలు తెరిస్తే మొదటి వరస నుంచీ సున్నాలే. కిందికి జారుతూ పోతే దాదాపు 9 ఎంబీ దాటాక 00, పది ఎఫ్ఎఫ్‌లు, 00. తల పోయింది, మొండెం ఉంది.

ఎంపీ4 అయితే ఇక్కడ సూచిక కోసం ఏడవాల్సి వచ్చేది. ఎంపెగ్ ప్రోగ్రామ్ స్ట్రీమ్‌లో మాత్రం ప్రతి పొట్లం తన తల తానే మోసుకొస్తుంది. కాపీలో మొదటి 00 00 01 బీఏ వెతికి, దాని ముందున్నదంతా ఎంపిక చేసి తొలగించి, ఎంపీజీ అని సేవ్ చేశాను. ఓ నిమిషం వీడియో పోయింది. జీలకర్ర బెల్లం పెట్టేశాక మొదలవుతుంది, మిగతా అంతా ఉంది.